మధ్యాహ్నం తగ్గే నీళ్ళు

మున్సిపాలిటీ నీళ్ళ విభాగం ఏఈ యేసుబాబు సెల్‌ఫోనును గ్రేస్ ముఖం ముందుకు తెచ్చి నీలం గీతను వేలితో చూపించాడు. ఆ గీత పొద్దున సాఫుగా పోయి, ఎండ ముదిరేకొద్దీ కిందికి జారి, మధ్యాహ్నానికి బాగా కుంగి, పొద్దు వాలే వేళకు మళ్ళీ మెల్లగా పైకెక్కింది. ఆయన తెరను పక్కకు తోస్తే నిన్నటి గీత వచ్చింది. అదీ అంతే. మొన్నటిదీ అంతే.

“ట్యాంకులో నడుములోతు నీళ్ళు దినామూ మాయమైతాండాయి,” అన్నాడు. “అదీ నువ్వు వాల్వులన్నీ మూసి, గేటుకు తాళమేసి ఇంటికి పోయినాంక. తాళం ఎవరికాడ ఉంటాది?”

గ్రేస్ చెయ్యి నడుముకు దోపుకున్న తాళాల గుత్తిని దానంతటదే తడిమింది. “నాకాడే సార్.”

జమ్మలమడుగులో ఏటివైపు వీధులకు నీళ్ళిచ్చే ఓవర్‌హెడ్ ట్యాంకు అది. పొద్దున, సాయంత్రం వంతుల ప్రకారం వీధివీధికీ వాల్వు తిప్పి నీళ్ళు వదలడం గ్రేస్ పని. నింపే పని ఇప్పుడు మనుషులది కాదు. పోయిన చలికాలంలో ట్యాంకు అడుగుకు వైరుతో ఒక సెన్సార్‌ను దించారు. తనమీద నీళ్ళు మోపే బరువును బట్టి అది లోతు చెబుతుంది. లోతు తగ్గితే పెన్న ఇసుకలో ఉన్న మోటారు తనంతట తానే ఆడుతుంది, నిండితే ఆగుతుంది. ఆ అంకె ట్యాంకు కింది గదిలో ఎర్రగా వెలుగుతుంది, ఏఈ ఫోనులో గీతగా పడుతుంది. మధ్యాహ్నం పూట అక్కడ మనిషి అవసరమే లేకుండా పోయింది.

యేసుబాబు ఊరికే అనుమానపడే మనిషి కాదు. అన్నీ విచారించుకునే వచ్చాడు. గేటు బయటికి పడే ట్యాంకు నీడలో మధ్యాహ్నాలు కమాల్ బాషా నీళ్ళ ట్యాంకరు నిలబడి ఉండడం తన కళ్ళతో చూశాడు. కింద ఉన్న పల్లపు వీధికి పోయి, ఈ వేళప్పుడు నీళ్ళేమైనా వస్తున్నాయా అని ఇంటింటా అడిగాడు. ఒక్క చుక్క రాదన్నారు. ఇంకో సంగతి కూడా ఆయన కనిపెట్టాడు. పోయిన వారం మబ్బుపట్టి వాన పడిన దినం గీత కదల్లేదు. వాన పడే దినం ట్యాంకరు నీళ్ళు ఎవరు కొంటారు?

ఆ లెక్క ఎంత కుదురుగా ఉందంటే, వింటుంటే గ్రేస్‌కే ఒక క్షణం తాను అమ్ముకున్నానేమో అనిపించింది.

“నేను నీ చర్చీ మనిషినే,” అన్నాడు యేసుబాబు గొంతు తగ్గించి. “అందుకే ఇడ్చిపెట్టలేను. మనోళ్ళని ఇడ్చినాడంటారు. సోమవారం పైకి రాయాల. రాస్తే నీ పని ఉండదు. అంతలోపల నాకేమన్నా సూపియ్యి, సూస్తా.”

ఇంటికి పోయి ఆ మాట చెబితే అత్త గంగమ్మ చేటలోని బియ్యంలో రాళ్ళేరడం ముగించింది. తర్వాత, “నువ్వు తియ్యలేదు గదా?” అని అడిగింది. అడిగినందుకు గ్రేస్‌కు ఆ పూట అన్నం దిగలేదు. సాయంత్రం నీళ్ళు వదిలేటప్పుడు కమాల్ బాషాను పట్టుకుంది. అతను చక్రాల కింద రాళ్ళు తీస్తూ, కోపం కూడా తెచ్చుకోకుండా, “నీ ట్యాంకు కింద నీడ తప్ప నేనేం తీసకపోలేదక్కా,” అన్నాడు. “నీడ తగ్గినా మీ సారు సెల్లులో గీత దిగుతాదా ఏంది?”

మరుసటి రోజు పొద్దుటి వంతులు ముగిశాక గ్రేస్ ఇంటికి పోలేదు. వాల్వులన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి, అవి బిగుసుకునేదాకా బిగించింది. గేటుకు లోపలివైపు తాళమేసుకుంది. కింది గదిలో బకెట్టు బోర్లేసుకుని అంకె ముందు కూర్చుంది. ట్యాంకు నిండింది. అంకె నిలబడింది.

ఎండ రేకుల మీదికి వచ్చింది. చూస్తూ ఉండగానే చివరి అంకె ఒకటి తగ్గింది. కళ్ళు చిట్లించి దగ్గరికి జరిగింది. కాసేపటికి ఇంకొకటి. లేచి బయటికి పోయి పెద్ద గొట్టానికి చెవి ఆనించింది. నీళ్ళు పోతుంటే ఆ గొట్టం లోపల ఏదో గొణుగుతున్నట్టు ఉంటుంది; ఇన్నేళ్ళలో ఆమె చెవికి అది బాగా అలవాటు. ఇప్పుడు గొట్టం మూగగా ఉంది. మళ్ళీ గదిలోకి వచ్చింది. ఇంకా తగ్గింది. గదికీ గొట్టానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో, నేల మీద ఆమె పాదాల దారి పడింది. వాల్వు మూసి ఉంది. గేటు మూసి ఉంది. ట్యాంకరు ఇంకా రానేలేదు. నీళ్ళు మాత్రం అంకెల్లోంచి పోతున్నాయి.

అంకె బాగా దిగాక పక్కన పచ్చ దీపం వెలిగింది. అంటే ఏట్లో మోటారు ఆడుతోంది. అయినా అంకె ఎక్కలేదు. గ్రేస్ లేచింది. మళ్ళీ బయటికి వచ్చి ఊరికే నిలబడలేక ట్యాంకు కాళ్ళ చుట్టూ తిరగసాగింది. వెనకవైపు కాలిని ఆనుకుని దిగే పాత గొట్టం మీద చెయ్యి పడింది. చల్లగా ఉంది. పైనంతా చెమటలా తేమ. లోపల సన్నగా అదురు.

అది పొంగిన నీళ్ళు పోయే గొట్టం. ట్యాంకు నిండి పొర్లితే తప్ప అందులోకి నీళ్ళు రావు.

పైకి చూసింది. తగ్గిందంటున్న ట్యాంకు పొంగిపొర్లుతోంది. గొట్టం గోడ దగ్గర భూమిలోకి దిగిపోయింది. ముంగిట బురద కాకుండా ఎప్పుడో దాన్ని గోడ అవతలి మోరీలోకి కలిపారు. గ్రేస్ తాళం తీసి, ప్రహరీ చుట్టూ తిరిగి, పల్లపు వీధిలోకి దాదాపు పరుగున దిగింది.

కొళాయి దగ్గర జగడమైతే నాలుగు వీధులకు వినిపించే పేట అది. ఇప్పుడు మోరీ దగ్గర ఆడవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు, ఒక్కరి నోటా మాట లేదు. గొట్టం మూతిలోంచి చేయి లావు ధార పడుతోంది. ఒక బిందె నిండగానే చప్పుడు కాకుండా పక్కకు తీసి, ఇంకొకటి పెడుతున్నారు. మొదట నిలబడిన దిల్షాద్‌బీ గ్రేస్‌ని చూసింది. బట్టలు కుట్టే మనిషి. మెడలో ఇంకా టేపు వేలాడుతోంది. గబగబా వచ్చి గ్రేస్ మోచెయ్యి పట్టుకుని గోడ చాటుకు లాగింది.

“నువ్వు ఈడికి రాకూడదు గదక్కా. ఎవరన్నా సూస్తే?”

గ్రేస్‌కు ఊపిరి ఆడటం లేదు. ఎన్నాళ్ళనుంచి అని మాత్రం అడగగలిగింది.

“ఎండలు పట్టినకాడ్నించీ నువ్వు ఇడుస్తానే ఉండావు, మేం పట్టుకుంటానే ఉండాం,” అని దిల్షాద్‌బీ నవ్వింది. “మొన్న మీ సారు వచ్చి అడిగినాడు. చుక్క రాదంటిమి. పిల్లోళ్ళకు గూడా చెప్పినాం, నోరిప్పితే తోలు తీస్తామని. మాకోసం చేస్తాంటే నీ పేరు చెప్తామా అక్కా?”

బారులో వాళ్ళందరూ ఆమెవైపే చూస్తున్నారు. వయసు మళ్ళిన మెహబూబున్నీసా బిందె ఎత్తుకుంటూ చేతిని గుండెకు ఆనించి తల వంచింది. పల్లపు వీధి వంతు వచ్చినప్పుడు పై వీధులవాళ్ళు ఇళ్ళలో మోటార్లు వేసి లాగేస్తారు; కిందికి వచ్చేసరికి ఈ కొళాయిల్లో గాలి తప్ప రాదు. ఆ సంగతి గ్రేస్‌కు తెలియనిది కాదు. ఎప్పుడైనా ఒక చుట్టు ఎక్కువ తిప్పిందే తప్ప, వీళ్ళ కోసం ఇంకేమీ చేసింది లేదు. నేను కాదు, అని చెప్పడానికి నోరు తెరిచింది.  నీళ్ళు పొంగుతున్నాయని ఆఫీసులో చెబితే ఈ ధార ఆగిపోతుంది. చెప్పకపోతే తన పని పోతుంది. వచ్చిన దారినే వెనక్కి పోయింది.

శనివారం పొద్దుటి వంతులు కాగానే ప్రొద్దుటూరు బస్సెక్కింది. సెన్సార్ పెట్టిన కంపెనీవాళ్ళ దుకాణం అక్కడుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు తల ఎత్తకుండానే, సెన్సార్ బిగించే మెకానిక్ రవికుమార్ పులివెందుల దగ్గర తోటలో ఉన్నాడనీ, మంగళవారానికి గానీ రాడనీ చెప్పాడు. మంగళవారం ఆమెకు పనికిరాదు. మళ్ళీ బస్టాండుకు వచ్చి, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కిటికీలోంచి వేడిగాలి. కూర్చోలేక నిలబడింది, నిలబడలేక కూర్చుంది. పక్కసీటు ముసలాయన, పురుడు పోసే ఇంటికి పోతున్నావా తల్లీ అని అడిగాడు.

రవికుమార్ చీనీ తోట మధ్యలో, మందునీళ్ళు కలిపే ప్లాస్టిక్ ట్యాంకులోకి వంగి ఉన్నాడు. చేతులు మోచేతులదాకా తెల్లగా ఉన్నాయి. చెప్పింది సగం విని, మంగళవారం వస్తానక్కా అన్నాడు. గ్రేస్ పోలేదు. డ్రిప్పు పైపుల కట్ట మీద కూర్చుని, వినేవాడున్నా లేకున్నా మొత్తం చెప్పింది: ఎండ, అంకె, పొంగుతున్న నీళ్ళు, వాన పడిన దినం కదలని గీత. పల్లపు వీధి సంగతి మాత్రం చెప్పలేదు.

వాన మాట దగ్గర రవికుమార్ చేతులు తుడుచుకోవడం ఆపాడు. “ట్యాంకు పైన సెన్సార్ వైరు చేరే డబ్బా ఉంటాది గదా. దానికి కింద చిన్న టోపీ మాదిరి ఊపిరి బెజ్జం. అది తెరిచే ఉండాదా?”

గ్రేస్ పైపుల కట్ట మీదినుంచి లేచింది. మోటారు షెడ్డుల్లో పని చేసేవాళ్ళెవరికైనా మొదట వచ్చే బుద్ధి, డబ్బాకున్న బెజ్జాలన్నీ పూడ్చడం. ఒక బల్లి దూరితే స్టార్టరు కాలిపోతుంది, ఎన్ని చూసిందో. ఎండాకాలం మొదట్లో కరెంటు పనికి వచ్చిన రిజ్వాన్‌ను ఆమే పైకెక్కించింది. అతను ఎంసీల్‌తో సందులన్నీ పూడ్చి దిగబోతుంటే, వెనకే నిచ్చెన ఎక్కి వేలు చూపించి, “అదొకటి మిగిల్నాది సూడు,” అన్నది కూడా తనే.

“అడుగున సెన్సార్‌కు నీళ్ళ బరువొకటే తగలదక్కా,” అన్నాడు రవికుమార్. రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి చూపించాడు. “నీళ్ళ మీదుండే గాలి బరువు గూడా కలిసే దిగుతాది. దాన్ని తీసేసేదానికి, వైరు లోపల సన్న గొట్టం పెట్టి బయటి గాలిని దాని వీపుకు తగిలిస్తాం. ముందర గాలి, ఎనక గాలి సరికి సరి. మిగిలింది నీళ్ళు. మీరు ఎనక గాలిని డబ్బాలో బిగించేసినారు. ఎండకు అది ఉబ్బి ఎనకనుంచి నూకుతాది. అది నూకేకొద్దీ ముందర నీళ్ళు తగ్గినాయనుకుంటాది, పిచ్చిది.”

అతను సోమవారం వస్తానని ఒప్పుకున్నాక కూడా గ్రేస్‌కు తేలికపడలేదు. తిరుగు బస్సులో తన చూపుడువేలినే చూసుకుంటూ కూర్చుంది.

ఆదివారం చర్చిలో యేసుబాబు రెండు బెంచీల ముందు కూర్చున్నాడు. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. పక్కన కూర్చున్న నిర్మలమ్మ పాట మధ్యలో వంగి, “ఏం గ్రేసక్కా, ట్యాంకరు కొంటాండావంట గదా, మాకు గూడా ఒక లోడు పంపు,” అంది. గ్రేస్ పాట ఆపలేదు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేటప్పుడు ఆమె కళ్ళు తెరిచే ఉంచింది. గేటు దగ్గర యేసుబాబుకు రవికుమార్ వస్తున్న సంగతి చెప్పింది. రానీ, అన్నాడు. అంతే.

సోమవారం ఎండ నిప్పులు చెరుగుతోంది. రవికుమార్ నిచ్చెన ఎక్కి పైకి పోయాడు. డబ్బా మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసుకున్నాడు. పైనుంచే కేకేసి చెప్పాడు, బెజ్జం పూడ్చేసి ఉందని. కింద యేసుబాబు నుదురు తుడుచుకుని, ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

“ఇది ఎండాకాలం మొదట్లో పూడ్చిందో, నిన్న పూడ్చిందో నాకెట్ల తెలుస్తాది?” అని గ్రేస్‌వైపు తిరిగాడు. “తప్పించుకునేదానికి ఎవరైనా చేస్తారు. ఇన్ని దినాలు ఇంత నీళ్ళు పొంగింటే ఎవరో ఒకరు సూసింటారా లేదా? నేను వీధంతా అడిగినా. చుక్క రాలేదన్నారు. నువ్వే చెప్పు, నీళ్ళు యాడికి పోయినాయి?”

గ్రేస్‌కు జవాబు తెలుసు. గోడ అవతల, పది అడుగుల దూరంలో, ఆ జవాబు బిందెల్లో పడుతోంది. ఆమె తాళాల గుత్తి నడుమునుంచి తీసి చేతిలో పట్టుకుంది. నేలవైపు చూసింది. చెప్పలేదు. యేసుబాబు తాళాల కోసం చెయ్యి చాచాడు.

“మేం పట్టుకుంటిమి సార్.”

గేటు దగ్గర దిల్షాద్‌బీ నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి. చంకలో నిండు బిందె. గోడకు ఇవతల మాట్లాడేదంతా అవతలికి వినిపిస్తుందని ఆ ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

“మరి నేనడిగినప్పుడు చుక్క రాదని ఎందుకు చెప్పినారు?”

“ఆయమ్మ మాకోసం దొంగతనంగా ఇడుస్తాందనుకుంటిమి. పేరు బయటపెడ్తే ఆయమ్మ పని పోతాదని అబద్ధం చెప్పినాం.” దిల్షాద్‌బీ బిందె చంక మార్చుకుంది. “ఆ అబద్ధంతోనే పని పోయేటట్టుంటే ఇంక యాడ దాస్తాం సార్. రాండి, సూపిస్తా.”

యేసుబాబు ఆమె వెంట పోయాడు. గ్రేస్ కదల్లేదు. ఆయన తిరిగి వచ్చేసరికి బూట్లు తడిసి ఉన్నాయి. ముఖంలోని గట్టిదనం సడలింది కానీ దాని చోట ఏం పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు. పైకి చూసి, “తియ్యప్పా,” అన్నాడు.

రవికుమార్ స్క్రూడ్రైవరుతో పొడిచాడు. గట్టిపడిన ఎంసీల్ ముక్కలు రాలాయి. డబ్బా సన్నగా బుస్సుమంది. కింది గదిలో అంకె ఒక్కసారిగా పైకి దూకి, నిండు ట్యాంకు దగ్గర నిలబడింది. పచ్చ దీపం ఆరిపోయింది.

“ఇంక పైకేం రాయనులే,” అన్నాడు యేసుబాబు. చాచిన చేతిని జేబులో పెట్టుకున్నాడు.

గ్రేస్ వెనక గొట్టం దగ్గరికి పోయి చెయ్యి ఆనించింది. అదురు తగ్గుతోంది. ఇంకా తగ్గింది. ఆగింది. గోడ అవతల ఎవరో ఖాళీ బిందెను రాతిమీద పెట్టిన చప్పుడు, ఆ వెనక ఇంకొకటి. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. ఆమె చాలాసేపు తిట్ల కోసం ఎదురుచూసింది.

మరునాడు పొద్దున వంతులు ముగించి నేరుగా ఆఫీసుకు పోయింది. పై వీధుల మోటార్లు ఆడని వేళ, మధ్యాహ్నం పూట, పల్లపు వీధికి ఒక్కదానికే కాసేపు నీళ్ళు వదులుతానని అడిగింది. ఇన్ని దినాలు మోరీ పాలైనదానిలో నాలుగో వంతు కూడా కాదని చెప్పింది. యేసుబాబు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. వంతులు మార్చాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలనీ, ఒక వీధికి ఇస్తే పది వీధులు వచ్చి కూర్చుంటాయనీ, గొడవ సద్దుమణిగింది కదా మళ్ళీ ఎందుకనీ నెమ్మదిగా చెప్పాడు. చివరికి చూద్దాం అన్నాడు. ఆ ఆఫీసులో చూద్దాం అంటే ఏమిటో గ్రేస్‌కు తెలుసు. టీ సగంలో వదిలేసి లేచింది.

ఇంట్లో గంగమ్మ మామూలుగా అన్నం పెట్టింది. మామూలుగా ఉండడానికి కాస్త ఎక్కువే పెట్టింది. గ్రేస్ రెండు ముద్దలు కలిపింది. చెయ్యి కడుక్కుని లేచింది. యాడికి పోతాండావ్, ఈ ఎండలో ఆడ నీకేం పని అని అత్త అడిగింది. పనే, అని చెప్పులేసుకుంది.

గేటు బయట కమాల్ బాషా తన ట్యాంకరు నీడలో నిద్రపోతున్నాడు. గ్రేస్ అతన్ని లేపలేదు. గదిలోకి పోయి అంకె చూసింది. నిండుగా, కదలకుండా ఉంది. పల్లపు వీధి వాల్వు గుంత మీది రేకు పక్కకు లాగి, లోపలికి దిగి, చక్రం పట్టుకుంది. పొద్దుటి వంతు కాగానే తానే బిగుసుకునేదాకా బిగించింది. ఒక పట్టాన రాలేదు. రెండు చేతులూ వేసి భుజంతో తోసింది. చక్రం కిర్రుమని కదిలింది. గొట్టం లోపల గొణుగుడు మొదలైంది.

ఒక చుట్టు, రెండు చుట్లు తిప్పి, చెయ్యి చీరకు తుడుచుకుని, ఫోను తీసి యేసుబాబుకు చేసింది.

“సార్, గ్రేసుని. మీ సెల్లులో గీత దిగుతాంటాది, సూడండి.” గుంత గోడకు ఆనుకుంది. “మిషను సరిగ్గానే ఉండాది. పల్లపు వీధికి ఇడ్చినా. ఇడ్చింది నేనే.”

అవతల ఆయన ఫోను పెట్టేయలేదు.  కింద వీధిలో ఎవరో ఎవరినో గట్టిగా పిలుస్తున్నారు. కొళాయి దగ్గర మొదటి జగడం రాజుకుంటోంది. గ్రేస్ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చక్రాన్ని ఇంకో చుట్టు తిప్పింది.